చిన్న వర్క్‌షాప్‌కు కార్ లిఫ్ట్ ఎంచుకోవడం ఎలా: ముందు నేల, తర్వాత కప్పు, ఆ తర్వాతే యంత్రం

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లోనూ, చుట్టుపక్కల నంద్యాల, ప్రొద్దుటూరు, గుంతకల్లు వంటి ఊళ్లలోనూ ఒకరిద్దరు మెకానిక్‌లతో నడిచే షెడ్లలో చాలావరకు ఇప్పటికీ ట్రాలీ జాకీ, నాలుగు స్టాండ్లు, లేదంటే బండి కింద మనిషి దిగి పని చేసే ఒక గుంత, వీటితోనే పని సాగుతోంది. క్లచ్ ప్లేట్ మార్చాలన్నా, సైలెన్సర్ దించాలన్నా వెల్లకిలా పడుకుని బండి కిందికి జరగాల్సిందే. లిఫ్ట్ పెట్టుకుంటే పని త్వరగా తెమలడం ఒక ఎత్తు, నడుమూ మెడా కళ్లూ మిగలడం ఇంకో ఎత్తు. అందుకే లిఫ్ట్ ఆలోచన ఉన్న ప్రతి మెకానిక్‌నూ కొనమనే చెబుతాను. కాకపోతే డీలర్ దగ్గరికి వెళ్లగానే మాట ఎన్ని టన్నులు, ఎంత ధర అన్న దగ్గర మొదలవుతుంది. మన ప్రాంతంలో అది నేల దగ్గర మొదలు కావాలి. రెండు స్తంభాల లిఫ్ట్ అనేది పది పన్నెండు బోల్టులతో కాంక్రీటును పట్టుకుని నిలబడే యంత్రం. మన షెడ్లలో చాలావాటికి కింద కాంక్రీటే ఉండదు. బేతంచెర్ల బండో, తాడిపత్రి బండో, కడప నల్లబండో పరిచి ఉంటుంది. ఈ ఒక్క తేడాను పట్టించుకోకపోతే ఎంత మంచి కంపెనీ లిఫ్ట్ తెచ్చినా దాని కింద నిలబడే మనిషికి భద్రత ఉండదు.

1. వచ్చే బండ్లు, చేసే పనులు రాసుకోండి

ఒక నెలపాటు షెడ్డుకు వచ్చిన ప్రతి బండినీ నోటుబుక్కులో రాయండి. బండి పేరు, చేసిన పని, ఆ పనికి చక్రాలు గాలిలో వేలాడాలా లేక బండి చక్రాల మీదే నిలబడి ఉండాలా అన్న మూడు సంగతులు చాలు. బ్రేకులు, సస్పెన్షన్, టైర్ల పనికి చక్రాలు ఖాళీగా ఉండాలి. అలైన్‌మెంట్‌కు చక్రాలు ఆని ఉండాలి. ఆయిల్ మార్పు, సైలెన్సర్ పనులకు ఎలా ఉన్నా నడుస్తుంది. గేర్‌బాక్స్ దించే పనికి బండి మధ్యభాగం కింద అడ్డం ఏదీ ఉండకూడదు. లిఫ్ట్ రకాన్ని చివరికి తేల్చేది ఈ పట్టికే.

బరువుల విషయంలో స్థూలమైన అవగాహన ఉంటే సరిపోతుంది. ఆల్టో వంటి చిన్న కార్లు ఎనిమిది వందల కిలోల దరిదాపుల్లో, స్విఫ్ట్ వంటివి తొమ్మిది వందల చుట్టూ ఉంటాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న కియా బండ్లు ఇప్పుడు అనంతపురం షెడ్లకు బాగానే వస్తున్నాయి. వాటిలో సెల్టోస్ వంటిది సుమారు 1.3 టన్నులు తూగుతుంది. బొలెరో ఒకటిన్నర టన్ను దాటుతుంది, ఇన్నోవా క్రిస్టా 1.8 టన్నుల దగ్గర, ఫార్చ్యూనర్ రెండు టన్నుల పైన ఉంటాయి. ఇవన్నీ ఖాళీ బండి బరువులు. ఉల్లిగడ్డలతోనో టమాటాలతోనో నిండిన పికప్ అయితే మూడు టన్నుల దరికి, కొన్ని మోడళ్లయితే అంతకు మించి వెళ్తుంది. అలాంటి బండిని లోడు దించకుండా రెండు స్తంభాల లిఫ్ట్ ఎక్కించడం ఏ కెపాసిటీ లిఫ్ట్‌తోనైనా తప్పే. బరువంతా వెనక ఇరుసు మీదికి పోయినప్పుడు బండి తనను మోసే లిఫ్ట్ చేతుల మీద నుంచి వెనక్కి జారిపోతుంది.

2. షెడ్డును టేపుతో కొలవండి

ముందు ఎత్తు చూడండి. లిఫ్ట్ సాధారణంగా బండిని 1.8 మీటర్ల వరకు లేపుతుంది. ఇన్నోవా, ఫార్చ్యూనర్ ఎత్తు ఇంచుమించు 1.8 మీటర్లు, స్కార్పియో క్లాసిక్ దాదాపు 2 మీటర్లు. రెండూ కలిపితే 3.8 మీటర్లు, అంటే పన్నెండున్నర అడుగులు అవుతుంది. రేకుల షెడ్డులో రేకుల దాకా కొలిస్తే లెక్క తప్పుతుంది. కింద దూలం, ఇనుప పైపు, వేలాడే ఫ్యాను, లైటు, వీటిలో అన్నింటికన్నా కిందికి ఉన్నదాని అడుగు దాకా కొలవాలి. షట్టరు వేసిన కాంప్లెక్స్ గదుల్లో స్లాబు పది, పదకొండు అడుగులకే ఉంటుంది. అక్కడ ఎస్‌యూవీని పూర్తిగా లేపలేరు. చిన్న కార్లు మాత్రమే వచ్చే చోటైతే ఆ ఎత్తులోనూ కొంతవరకు నెట్టుకురావచ్చు గానీ, కప్పుకు తగలకముందే లిఫ్ట్ ఆగేలా లిమిట్ స్విచ్ సరిచేయించుకోవడం తప్పనిసరి.

వెడల్పు విషయానికొస్తే, రెండు స్తంభాల లిఫ్ట్ ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 3.4 మీటర్లు ఆక్రమిస్తుంది. రెండు పక్కలా మనిషి టూల్ ట్రాలీతో తిరగాలంటే మొత్తం పదహారు అడుగులు ఉంటే సుఖం. పొడవు ఇరవై నాలుగు అడుగులకు తగ్గితే ఇన్నోవా ముందు నిలబడి పని చేయడానికి చోటు మిగలదు. బండి రోడ్డు మీద నుంచి లోపలికి ఎలా తిరుగుతుందో కూడా నేల మీద ముగ్గుపిండితో గీసి, నిజంగా ఒక పెద్ద బండిని నడిపి చూడండి. స్తంభాలు నాటిన తర్వాత మలుపు సరిపోలేదని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

3. నేల కింద ఏముందో తెలుసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగాన్ని మాత్రమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలి.

రెండు స్తంభాల లిఫ్ట్‌లో బరువు స్తంభాల లోపలి వైపు, అంటే చేతుల మీద ఉంటుంది. అందువల్ల రెండు స్తంభాలూ ఒకదానివైపు ఒకటి వాలాలని చూస్తాయి. ఆ వాలును ఆపేవి బయటి వైపున్న యాంకర్ బోల్టులు. వాటి మీద పడేది పైకి లాగే బలం. బోల్టు కాంక్రీటులో బిగుసుకున్నంతసేపే ఆ బలానికి ఎదురు ఉంటుంది. బండ పరుపులో ఈ ఏర్పాటు పనికిరాదు. పరిచిన బండ మందం ఒకటి, ఒకటిన్నర అంగుళం. దాని కింద ఇసుక, సున్నమో సిమెంటో కలిపిన పలుచని పూత, ఆ కింద గరుసు లేదా మన్ను. అక్కడ బోల్టు బిగించినప్పుడు స్పానర్‌కు గట్టిగానే తగులుతుంది, మొదటి రోజు బండి లేస్తుంది కూడా. ఆ గట్టితనం బండది మాత్రమే. నాలుగైదు నెలల్లో బండ పగిలి బోల్టు కదలడం మొదలవుతుంది.

నేల ఎంత మందమో కనిపెట్టడానికి ఇలా చేయండి. స్తంభం రావాల్సిన చోట ఒక బండను పూర్తిగా లేపండి. కింద కాంక్రీటు కనిపిస్తే హామర్ డ్రిల్‌తో పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం నిటారుగా వేయండి. డ్రిల్ దిగుతున్నంతసేపూ బయటికొచ్చే పొడి రంగును గమనించండి. బూడిదరంగు పొడి వస్తున్నంతవరకు కాంక్రీటు ఉన్నట్టు. పొడి ఎర్రగానో నల్లగానో మారి, డ్రిల్ ఒక్కసారిగా లోపలికి దిగిపోయిందంటే కాంక్రీటు అక్కడితో అయిపోయినట్టు. తర్వాత కొస వంచిన సన్నని తీగను రంధ్రంలోకి దింపి, కాంక్రీటు అడుగు అంచుకు కొక్కెంలా తగిలించి, పైన వేలితో గుర్తు పెట్టుకుని బయటికి తీసి కొలవండి. ఒక్కో స్తంభం చోట కనీసం రెండు రంధ్రాలు వేయాలి. ఒక చోట ఆరంగుళాలు, అడుగు దూరంలో మూడంగుళాలు ఉండే నేలలు మన షెడ్లలో అరుదేమీ కాదు.

కొలత తెలిశాక దాన్ని మీరు కొనబోయే లిఫ్ట్ మాన్యువల్‌లోని పునాది పటంతో పోల్చండి. కాంక్రీటు మందం, గ్రేడు, బోల్టు పరిమాణం, అంచు నుంచి దూరం ఆ పటంలో ఉంటాయి. పటం ఇవ్వలేని అమ్మకందారు దగ్గర కొనకండి. కొత్తగా కాంక్రీటు వేసే పక్షంలో నా సలహా ఇది: రెండు స్తంభాలకు రెండు వేర్వేరు గుంతలు తవ్వి నింపే పద్ధతి వద్దు. రెండింటినీ కలుపుతూ ఒకే పట్టీగా, కనీసం నాలుగున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, ఎనిమిది నుంచి పది అంగుళాల మందంతో, పైనా కిందా ఇనుప చువ్వల జాలీ వేసి, ఎం25 గ్రేడు కాంక్రీటు పోయించండి. మాన్యువల్ ఇంతకన్నా ఎక్కువ అడిగితే దాని మాటే చెల్లుతుంది. ఒకే పట్టీ అయితే రెండు స్తంభాలూ కలిసే కుంగుతాయి, కలిసే నిలుస్తాయి. బోల్టు రంధ్రం కాంక్రీటు అంచుకు గానీ, పాత కొత్త కాంక్రీటు కలిసే అతుకుకు గానీ ఆరంగుళాలకన్నా దగ్గరగా రాకూడదు. జాలీ చువ్వలు బోల్టుల చోటికి అడ్డం రాకుండా కట్టడానికి, పునాది పటాన్ని మేస్త్రీ చేతికి ముందే ఇవ్వండి.

మట్టి సంగతి ఊరిని బట్టి మారుతుంది. అనంతపురం చుట్టుపక్కల ఎర్ర నేల, కొద్ది లోతులోనే గరుసో రాయో తగులుతుంది. లిఫ్ట్ పట్టీకి అది అనుకూలం. అదే నేల కింద దిగే పిస్టన్ లిఫ్ట్‌కైతే తవ్వకం ఖర్చు తడిసి మోపెడవుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఎక్కువ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిచ్చి కుంగుతుంది. మీ షెడ్డు గోడలకు వానాకాలంలో మూసుకుని వేసవిలో విచ్చుకునే చీలికలు ఉంటే, లిఫ్ట్ స్తంభాలకూ అదే జరుగుతుందని అర్థం చేసుకోండి. అక్కడ రేగడిని తవ్వి తీసేసి, గరుసు పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిస కొట్టించిన తర్వాతే కాంక్రీటు వేయాలి. ఎంత లోతు తీయాలన్నది స్థానిక సివిల్ ఇంజనీరు చూసి చెప్పాల్సిన మాట. ఆ ఇంజనీరుకు ఇచ్చే ఫీజు ఈ మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. ఇంకొకటి, వాటర్ సర్వీసింగ్ చేసే చోటు లిఫ్ట్‌కు ఆనుకుని ఉండకూడదు. రోజూ ఇంకే నీరు ఒక స్తంభం కింది రేగడినే తడిపితే ఆ ఒక్క పక్క పైకి లేస్తుంది.

వేసవిలో కాంక్రీటు పోయాల్సి వస్తే సాయంత్రం పూట పోయించండి. మన ఎండకు పైపొర గంటల్లో ఆరిపోయి వెంట్రుకంత చీలికలు వస్తాయి. మరునాటి నుంచి చుట్టూ మట్టి గట్టు కట్టి నీళ్లు నిలపాలి, లేదా తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ఇరవై ఎనిమిది రోజులు నిండకుండా బోల్టులు బిగించవద్దు. లిఫ్ట్ లారీలో వచ్చి షెడ్డు ముందు దిగిందన్న తొందరలో పదో రోజునే బిగించమనే ఒత్తిడి వస్తుంది. అందుకే కాంక్రీటు పోసిన తర్వాత ఆర్డర్ పెట్టండి.

షెడ్డు అద్దెదైతే ఈ పనులన్నింటికీ యజమాని అనుమతి కాగితం మీద ఉండాలి. ఎంతకాలం ఖాళీ చేయించకూడదో, ఖాళీ చేసేటప్పుడు లిఫ్ట్ మీదేనని, నేలను మునుపటిలా చేసి ఇవ్వాలా వద్దా అని అగ్రిమెంటులో రాయించుకోండి.

4. రకాన్ని తేల్చుకోండి

రెండు స్తంభాల లిఫ్ట్: అన్ని పనులూ వచ్చే మామూలు మెకానికల్ షెడ్డుకు నేను మొదట సూచించేది ఇదే. చక్రాలు ఖాళీగా ఉంటాయి, మధ్యలో అడ్డం ఉండదు, గేర్‌బాక్స్ నేరుగా దించవచ్చు. ఇందులో రెండు తరహాలున్నాయి. ఆయిల్ హోసులు, రెండు పక్కలనూ సమం చేసే ఉక్కు తీగలు నేల మీద రేకు మూత కింద నుంచి పోయేది ఒకటి. పైన కమ్మీ మీదుగా పోయేది మరొకటి. మొదటిదాని స్తంభాలు 2.9 మీటర్ల లోపే ఉంటాయి కాబట్టి పొట్టి షెడ్లకు సరిపోతుంది, కానీ గేర్‌బాక్స్ జాకీని ఆ మూత మీదుగా లాగేటప్పుడు ప్రతిసారీ తట్టుకుంటుంది. రెండోదానికి నేల శుభ్రంగా ఉంటుంది, కప్పు మాత్రం పన్నెండు పదమూడు అడుగులకు పైన ఉండాలి. ఎత్తు ఉన్నవారు రెండోదే తీసుకోవడం మంచిది.

చేతుల అమరికలోనూ తేడా ఉంటుంది. నాలుగు చేతులూ ఇంచుమించు ఒకే పొడవుండే అమరికలో బండి బరువు స్తంభాలకు సరిగ్గా మధ్యన పడుతుంది. పికప్‌లకు, పొడవాటి బండ్లకు అది నప్పుతుంది. ముందు చేతులు పొట్టిగా, వెనకవి పొడుగ్గా, స్తంభాలు కొంచెం తిప్పి ఉండే అమరికలో కారు వెనక్కి జరిగి నిలబడుతుంది, డోర్లు స్తంభానికి తగలకుండా తెరుచుకుంటాయి. కార్లే ఎక్కువగా వచ్చే ఊరి షెడ్డుకు ఈ రెండో అమరిక బాగుంటుంది. బొలెరోలు, స్కార్పియోలు, పికప్‌లు సగానికి పైగా ఉంటే మొదటిది తీసుకోండి.

నాలుగు స్తంభాల లిఫ్ట్: బండి నేరుగా ర్యాంపు మీదికి ఎక్కుతుంది, బరువు నాలుగు చోట్లకు పంచుకుంటుంది, నేల మీద లాగుడు బలం తక్కువ. అలైన్‌మెంట్ ముఖ్యమైన ఆదాయంగా ఉన్నవారికి ఇది తగినది. చక్రాలు విప్పాలంటే మధ్యలో వేరే జాకీ బీమ్ కొనాలి, స్థలం కూడా ఎక్కువ పడుతుంది. చిన్న షెడ్డులో ఉన్న ఒకే ఒక్క బే (బండి నిలిపి పని చేసే చోటు) దీనికి ఇచ్చేస్తే మిగతా పనులు ఇబ్బంది పడతాయి.

కత్తెర లిఫ్ట్: మధ్యస్థంగా, మీటరు పైచిలుకు లేచే రకాన్ని అద్దె షెడ్లకు, స్లాబు తక్కువున్న గదులకు సిఫారసు చేస్తాను. టైర్లు, బ్రేకులు, పెయింటు పనికి హాయిగా ఉంటుంది, కొన్నింటిని చక్రాల మీద జరుపుకోవచ్చు. బండి మధ్యభాగం కిందే యంత్రం ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్ పనికి పనికిరాదు.

వాటర్ సర్వీసింగ్ షెడ్లలో కనిపించే ఒంటి పిస్టన్ లిఫ్ట్ కంప్రెసర్ గాలితో ఆయిల్‌ను నెట్టి పైకి లేస్తుంది. అది కడగడానికి ఉద్దేశించినది. పక్కన ఆసరా కాలు దింపకుండా దాని కిందికి మనిషిని పంపకూడదు, మెకానికల్ పనికి దాన్ని వాడకూడదు.

ఇక గుంత. ఖర్చు తక్కువ కాబట్టి చాలామంది దాన్నే మెరుగుపరుచుకోవాలనుకుంటారు. కానీ పెట్రోలు ఆవిరి, ఎల్‌పీజీ రెండూ గాలికన్నా బరువైనవి, కారితే గుంతలోకి దిగి అక్కడే నిలిచిపోతాయి. ఎల్‌పీజీ ఆటోలు వచ్చే షెడ్డులో గుంతలో వెలిగే బల్బు, గ్రైండర్ నిప్పురవ్వ ప్రాణం మీదికి తెస్తాయి. లిఫ్ట్ వచ్చాక పాత గుంతను పూడ్చేయండి. పూడ్చిన చోట మాత్రం స్తంభం నాటవద్దు.

5. కెపాసిటీ, చేతుల లెక్క

నాలుగు టన్నుల లిఫ్ట్ అంటే ఒక్కో చేయి ఒక టన్ను మోస్తుందని అర్థం. ఏ ఒక్క చేతి మీదా కెపాసిటీలో నాలుగో వంతు మించకూడదు. డీజిల్ ఇంజన్ ముందున్న ఫార్చ్యూనర్‌లో ముందు భాగం 1.2 టన్నులు ఉందనుకుంటే ఒక్కో ముందు చేతికి ఆరు వందల కిలోలు పడుతుంది. నాలుగు టన్నుల లిఫ్ట్ దాన్ని నిబ్బరంగా మోస్తుంది. కార్లు, ఎస్‌యూవీలు, ఖాళీ పికప్‌లు వచ్చే షెడ్డుకు నాలుగు టన్నులు చాలు. ఐదు టన్నులది తెస్తే బోల్టులు, పునాది, మోటారు అన్నీ పెరుగుతాయి గానీ వచ్చే బండ్లు అవే ఉంటాయి.

టన్నులకన్నా ముఖ్యంగా చూడాల్సింది చేతుల అందుబాటు. పూర్తిగా ముడిచినప్పుడు ఎంత, చాచినప్పుడు ఎంత, చేతి కొసన బండికి ఆనే ప్యాడ్ అత్యల్ప ఎత్తు ఎంత అని అడగండి. చిన్న కారు కిందికి ప్యాడ్ దూరకపోతే ప్రతిసారీ చక్రాల కింద చెక్కలు పెట్టాల్సి వస్తుంది. బొలెరో, స్కార్పియో, క్రిస్టా వంటివాటికి కింద నిచ్చెన చాసిస్ ఉంటుంది. పక్కన మెట్టు చేతికి అడ్డం రాకుండా చాసిస్‌ను అందుకోవాలంటే ఎత్తు పెంచే అడాప్టర్లు కావాలి. స్విఫ్ట్, సెల్టోస్ వంటివాటికి డోర్ల కింద అంచులో కంపెనీ గుర్తు పెట్టిన చోట్లే ఆనాలి, గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ వాడాలి. ఎలక్ట్రిక్ కార్లకు నేల నిండా బ్యాటరీ ఉంటుంది కాబట్టి ప్యాడ్ రెండంగుళాలు లోపలికి జరిగినా బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతుంది. ఈ రెండు రకాల ప్యాడ్లు, అడాప్టర్లు లిఫ్ట్‌తో పాటే వస్తాయా, విడిగా కొనాలా అని తేల్చుకోండి.

6. కరెంటు

ఈ లిఫ్ట్‌లలో సాధారణంగా 2.2 కిలోవాట్‌ల, అంటే మూడు హెచ్‌పీ మోటారు ఉంటుంది. త్రీఫేజ్‌లో అది ఐదు ఆంపియర్ల దగ్గర నడుస్తుంది. సింగిల్ ఫేజ్‌లో పదిహేను దాకా తీసుకుంటుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఓల్టేజి పడిపోయే వీధుల్లో సింగిల్ ఫేజ్ మోటారు ఫార్చ్యూనర్‌ను సగం లేపి మూలుగుతూ ఆగిపోతుంది. వీలైతే ఎస్‌పీడీసీఎల్ నుంచి త్రీఫేజ్ కనెక్షన్ తీసుకోండి. బోరు మోటారు స్టార్టర్‌లో రైతులు పెట్టించుకునే ఫేజ్ ఫెయిల్యూర్ రిలేనే లిఫ్ట్‌కూ పెట్టించండి; ఒక ఫేజ్ పోయినప్పుడు మోటారు కాలకుండా అది కాపాడుతుంది. లైను మరమ్మతు తర్వాత ఫేజులు తారుమారైతే మోటారు తిరుగుతుంది గానీ బండి లేవదు. అలాంటప్పుడు బటన్ అదే పనిగా నొక్కి ఉంచితే పంపు పాడవుతుంది, ఎలక్ట్రీషియన్‌తో రెండు వైర్లు మార్పించాలి.

కరెంటు పోయినప్పుడు బండి దింపడం ఎలా అన్న ప్రశ్న చాలామంది కొన్న తర్వాత వేసుకుంటారు. బండి లాకుల మీద, అంటే కిందికి జారకుండా స్తంభాల్లో పట్టుకునే ఇనుప ఆపుల మీద, కూర్చుని ఉంటే దింపే ముందు కొద్దిగా పైకి లేపి లాకులు విడిపించాలి. లేపడానికి మోటారు కావాలి. లాకులను విద్యుదయస్కాంతం విడిపించే మోడలైతే దానికీ కరెంటు కావాలి. కాబట్టి చేతి పంపు ఉందా, లాకులను చేత్తో విడిపించే తీగ ఉందా అని ముందే అడిగి, డీలర్ దగ్గర మెయిన్ స్విచ్ ఆపించి దింపించి చూడండి.

7. డీలర్ దగ్గర చేత్తో తాకి చూడాల్సినవి

ఖాళీ లిఫ్ట్‌ను చూసి నిర్ణయించకండి, బండి ఎక్కించి లేపించండి. లేస్తున్నప్పుడు రెండు స్తంభాల్లోనూ లాకులు టక్కుటక్కుమని ఒకేసారి పలకాలి. ఒక పక్క ముందు, ఒక పక్క వెనకగా పలికితే రెండు పక్కలనూ సమం చేసే తీగల బిగువు సరిగా లేనట్టు. ప్యాడ్లు నేల విడిచిన తర్వాత ఒక్కో చేతినీ పక్కకు తోయండి, పళ్ల చక్రం పట్టుకుని కదలకూడదు. బటన్ వదలగానే ఆగాలి. హోసు పగిలితే బండి ధబీమని పడకుండా సిలిండర్ దగ్గర వాల్వు ఉందేమో పటంలో చూపించమనండి. బండి కప్పు పై కమ్మీకి తగిలేలోగా మోటారును ఆపే స్విచ్ పని చేస్తోందో లేదో చేత్తో నొక్కి పరీక్షించండి.

ఐరోపా నిబంధనలకు సరిపోతుందని తయారీదారు వేసే సీఈ గుర్తు ఉన్న స్టిక్కర్‌తో సంతృప్తి పడకండి. వాహనాల లిఫ్ట్‌లకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 1493. మీరు కొనే మోడల్ పేరే రాసి ఉన్న పరీక్ష ధ్రువపత్రం అడగండి. స్తంభం మీద సీరియల్ నంబరు, కెపాసిటీ, తయారీ సంవత్సరం ఉన్న పలక ఉండాలి.

బెంగళూరు, హైదరాబాద్‌లలో మూతపడిన షెడ్ల నుంచి వచ్చే పాత లిఫ్ట్‌లు మనకు దగ్గర దారిలోనే దొరుకుతాయి. కొనకూడదని అనను. అయితే గొలుసు పొడవును కొలవండి. వంద సెంటీమీటర్లు ఉండాల్సింది నూట రెండు దాటి సాగితే గొలుసు మార్చే ఖర్చును ధరలో తగ్గించమనాలి. చేతి మూలలో పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిందేమో, వెల్డింగు దగ్గర వెంట్రుక చీలిక ఉందేమో పెయింటు గీకి చూడండి. కొత్తగా పెయింటు వేసి తెచ్చినదాన్ని మరింత జాగ్రత్తగా గీకండి. పాత యాంకర్ బోల్టులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి వాడవద్దు.

8. కొటేషన్, అప్పు

కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, దించడానికి క్రేన్, బోల్టులు, హైడ్రాలిక్ ఆయిల్, బిగింపు కూలి, మెకానిక్ రాకపోకల ఖర్చు విడివిడిగా రాయించండి. ఆయిల్ మీరే తెచ్చుకోవాలని చివర్లో చెప్పడం మామూలే. వారంటీ ఎంతకాలం అన్నదానికన్నా, సీళ్లు, తీగలు, లాకు స్ప్రింగులు ఎక్కడ నిల్వ ఉన్నాయి, మెకానిక్ ఏ ఊరి నుంచి వస్తాడు అన్నది ఎక్కువ విలువైన ప్రశ్న. లిఫ్ట్ ఆగిన ప్రతి రోజూ ఒక బే ఖాళీగా ఉంటుంది.

బ్యాంకు అప్పు కావాలంటే ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద ఐదు లక్షల వరకు, తరుణ్ కింద పది లక్షల వరకు ఉంది. కొత్తగా యూనిట్ పెట్టేవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీలో సేవారంగ ప్రాజెక్టుకు ఇరవై లక్షల వరకు అవకాశం, వర్గాన్ని, ప్రాంతాన్ని బట్టి 15 నుంచి 35 శాతం వరకు సబ్సిడీ ఉన్నాయి. కాంక్రీటు పని అంచనా కూడా ప్రాజెక్టు కాగితాల్లో చేర్చండి.

9. బిగింపు, మొదటిసారి లేపడం

బిగించే రోజు మీరు దగ్గరే ఉండండి. రంధ్రం వేశాక లోపలి పొడిని గాలితో పూర్తిగా ఊదించాలి. పొడి మిగిలితే బోల్టు పట్టు బాగా తగ్గిపోతుంది. స్తంభం నిటారుగా ఉందో లేదో రసమట్టంతో రెండు దిక్కులా చూసి, అవసరమైతే అడుగున ఉక్కు రేకులు పెట్టాలి. చెక్క ముక్కలు పెట్టనివ్వకండి. బోల్టులను టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పిన బిగువుకే బిగించాలి, ఆ అంకెను మీ రిజిస్టర్‌లో రాసుకోండి.

మొదట చిన్న కారు ఎక్కించండి. చక్రాలు నేల విడిచి జానెడు లేవగానే ఆపి, బంపర్ పట్టుకుని గట్టిగా ఊపండి. ప్యాడ్లు జారకపోతే, బోల్టుల దగ్గర సన్నని పగుళ్లు రాకపోతే, ఇంకా లేపి లాకుల మీద కూర్చోబెట్టండి. ఆ తర్వాత బరువైన బండిని అదే క్రమంలో లేపాలి. బండిని ఎప్పుడూ హైడ్రాలిక్ బలం మీద వదిలి కిందికి వెళ్లకూడదు. లాకుల మీదికి దింపిన తర్వాతే అడుగు పెట్టాలి. ఈ ఒక్క నియమాన్ని షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే నేర్పండి. గేర్‌బాక్స్ గానీ ఇంజన్ గానీ దించే ముందు బండికి రెండో చివర పొడవాటి స్టాండ్ పెట్టాలి, ఎందుకంటే బరువు తీసేయగానే తూకం రెండో వైపుకు మారుతుంది.

10. ఆ తర్వాత

మన దుమ్ముకు స్తంభాల లోపలి జారుడు పలకలు త్వరగా అరుగుతాయి. వారానికొకసారి పాత గ్రీజును గుడ్డతో తుడిచి కొత్తది పూయండి. పాతదాని మీదే పూస్తూ పోతే ఇసుక కలిసిన గ్రీజు ఆకురాయిలా కోస్తుంది. లాకు గాడులను బ్రష్‌తో శుభ్రం చేయండి. ఆయిల్ గ్రేడు మాన్యువల్ ప్రకారమే వాడండి; 32, 46 రెండింటికీ అది అనుమతిస్తే మన ఎండలకు 46 మేలు. తీగల్లో ఒక్క పోగు తెగినా మార్చాలి. ఏడాదికొకసారి బయటి నిపుణుడితో మొత్తం పరీక్ష చేయించి, తేదీ వేసి కాగితం భద్రపరచండి.

బోల్టులను మొదటి వారం చివర, నెల నిండాక, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకు టార్క్ రెంచ్‌తో తిరిగి చూడండి. మొదటి వారంలో కాస్త తిరిగి బిగుసుకోవడం సహజం. బిగిస్తున్న కొద్దీ తిరుగుతూనే ఉండే బోల్టు మాత్రం కాంక్రీటును వదిలేసిన బోల్టు. దాని పక్కనే ఇంకో రంధ్రం వేసి సరిపెట్టవద్దు. పవర్ ఆపి, స్విచ్ మీద కాగితం అంటించి, లిఫ్ట్ వేసినవారినీ ఇంజనీరునూ పిలిపించండి. వాళ్లు నేలను చూసి తేల్చేదాకా ఆ లిఫ్ట్ మీదికి సైకిల్ కూడా ఎక్కించకూడదు.